ఖాళీ టైములో చేసే పని: నా మఫ్లర్, నరసాపురం లేసు

పోయిన ఎపిసోడ్ చివర్లో మాటల్లో మాటగా నేను మఫ్లర్ అల్లుతున్నానని చెప్పాను కదా. వీసా రూల్స్ గురించి చెప్పినప్పుడు కూడా అన్ని మెసేజ్‌లు రాలేదు. సగం మంది నవ్వారు. "అన్నా, కువైట్‌లో మఫ్లర్ ఏంటి?" అని ఒకాయన అడిగాడు. జనవరిలో తెల్లారుజామున నాలుగింటికి సైట్ బస్సు కోసం రోడ్డు మీద ఎప్పుడూ నిలబడని మనిషి అయ్యుంటాడు. మిగతా సగం మంది మాత్రం "మా అమ్మ అల్లేది", "మా అత్త ఇప్పటికీ లేసు చేస్తుంది" అని రాశారు. వాళ్లలో ఎక్కువ మంది నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు వాళ్లే. ఈసారి ఆ కథే చెప్తాను. ఎపిసోడ్ వినడానికి టైము లేనివాళ్లకి ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు మఫ్లర్ సంగతి. ఒక శుక్రవారం సంతలో రెండు ఊలు ఉండలు, ఒక కొక్కెం సూది కొన్నాను. ఆ రోజు రాత్రి అమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్ బియ్యం డబ్బాకి ఆనించి, నేర్పమన్నాను. ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత పది నిమిషాలు నవ్వింది. ఆ తర్వాత చెప్పింది. దారంతో ఒక ముడి వెయ్యి. ఆ ముడిలోంచి దారం లాగితే ఒక గొలుసు. అలా 26 గొలుసులు వెయ్యి. వెనక్కి తిరిగి, సూదికి పక్కనున్నది వదిలేసి రెండోదాంట్లో గుచ్చు, దారం లాగు, సూది మీద రెండు ఉచ్చులుంటాయి, మళ్లీ దారం తీసుకుని రెండిట్లోంచీ ఒకేసారి లాగు. అంతే. వరసకి 25 రావాలి. అయిదడుగుల పొడుగు వచ్చేదాకా అదే పని.

అదే పని అన్నమాటే గానీ, నా మఫ్లర్ పదిహేను వరసలకే సమోసా ఆకారంలోకి వచ్చేసింది. ప్రతి వరసలో చివరి కుట్టు వదిలేస్తున్నానట. కొత్తగా మొదలెట్టిన ప్రతివాళ్లూ చేసే తప్పే ఇది. విప్పెయ్యమంది. విప్పి, మళ్లీ మొదలెట్టి, వరస చివరి కుట్టుకి పిన్నీసు పెట్టుకుంటూ వెళ్తే అప్పుడు అంచు నిలబడింది. మీరూ మొదలెడితే పిన్నీసు మరిచిపోకండి. ఊలు లావుగా ఉన్నదీ, లేత రంగుదీ తీసుకోండి, కుట్టు కళ్లకి కనిపిస్తుంది.

అన్నిసార్లు విప్పుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ అల్లికలో ఎప్పుడూ సూది మీద బతికున్నది ఒక్క ఉచ్చే. అది లాగితే మొత్తం ఊడి వచ్చేస్తుంది. స్వెటర్ అల్లే రెండు సూదుల పని వేరు. అక్కడ వరస వరసంతా సూది మీదే ఉంటుంది, అందుకే దానికి మిషన్ వచ్చింది. ఈ కొక్కెం పనికి, అంటే క్రోషేకి, చేతిని దించేసే మిషన్ బజార్లోకి రాలేదు. క్రోషే మిషన్ అని కొన్నిటికి పేరుంది గానీ అవి అల్లేది వేరే రకం అల్లిక. కాబట్టి ఇక్కడ మాల్‌లో రెండు దినార్లకి వేలాడే క్రోషే టాప్ చూసినా, పెద్ద షోరూంలో టేబుల్ క్లాత్ చూసినా, అది నిజం క్రోషే అయితే ఎక్కడో ఎవరో ఒక మనిషి ఒక్కో ఉచ్చూ లాగి చేసిందే.

మరి ఆ మనిషికి ఎంతిచ్చారు? క్రోషే చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

క్రోషే అనేది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని అర్థం. ఇది యూరప్‌లో పేదవాళ్ల కూలిపనిగా మారింది ఐర్లాండ్ కరువులో. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. 1852 వరకూ సాగిన ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం వదిలిపోయారు. అప్పుడు క్రైస్తవ మఠాల్లోని సన్యాసినులు, పాదరీల భార్యలు పేద ఇళ్ల ఆడవాళ్లకి ఈ కొక్కెం పని నేర్పారు. క్లోన్స్ అనే ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే పాదరీ భార్య 1847లో మొదలుపెట్టింది. ఒక ఇంట్లో గులాబీలు, ఇంకో ఇంట్లో ఆకులు, అలా ముక్కలు ముక్కలుగా అల్లితే, తర్వాత వాటిని కలిపి లేసు చేసేవాళ్లు. అది లండన్, పారిస్ దొరసానుల మెడల మీదికి వెళ్లేది. ఆ డబ్బులు కూడబెట్టి అమెరికాకి ఓడ టికెట్టు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఈ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. ఎందుకో కింద చెప్తాను.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ పని మన గోదావరికి వచ్చింది. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నేర్పారని నరసాపురంలో చెప్పుకుంటారు. అప్పటికింకా ధవళేశ్వరం ఆనకట్ట కూడా లేదు. మొదట క్రైస్తవంలోకి వచ్చిన పేద దళిత ఇళ్ల ఆడవాళ్లు నేర్చుకున్నారు. తర్వాత తర్వాత కాపుల ఇళ్లలోకీ వెళ్లింది. బయటికెళ్లి కూలి చేస్తే పరువు తక్కువ అనుకునే ఇళ్లలో, గడప దాటకుండా డబ్బులొచ్చే పని ఇది. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అయ్యాక ఏజెంటే పట్టుకెళ్తాడు. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఇది విదేశాలకి ఎగుమతయ్యే వ్యాపారం. ఎగుమతి చేసేవాళ్లు, ఏజెంట్లు దాదాపు మగవాళ్లు. అల్లేవాళ్లు అందరూ ఆడవాళ్లు.

పనిని కూడా ముక్కలు చేశారు. పూలు అల్లేది చేతిపని. ఆ పూలన్నిటినీ కలిపేది అతుకుపని. అంచుకి ఉచ్చులు వేసేది కాజాకుట్టు. ఒక ఊరి ఆడవాళ్లు పూలే అల్లుతారు, ఇంకో ఊరివాళ్లు అతుకుతారు. పూర్తయిన టేబుల్ క్లాత్ ఎలా ఉంటుందో, దాని ధరెంతో, పూలు అల్లిన మనిషికి తెలిసే దారే ఉండదు. కూలి ఎంత దారం అల్లారన్న లెక్కన వచ్చేది, ఎన్ని గంటలు కూర్చున్నారన్నది కాదు.

1977, 78లలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చి ఈ ఇళ్లలో కూర్చుని లెక్కలు తీసింది. ఆమె పుస్తకం 1982లో వచ్చింది, పేరు 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'. ఆ చుట్టుపక్కల లక్షకు పైగా ఆడవాళ్లు ఈ పని చేస్తున్నారని అంచనా. ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు. అయినా సర్కారు లెక్కల్లో వాళ్లు పనివాళ్లు కారు, గృహిణులు. ఎగుమతిదారులని అడిగితే, "ఖాళీ టైములో ఏదో చేసుకుంటారు" అన్న వరసలోనే మాట్లాడేవాళ్లు. మీస్ వాదన సూటిగా ఉంటుంది. కూలి తక్కువ కాబట్టి అది ఖాళీ టైము పని అయిపోలేదు. ఖాళీ టైము పని అని పేరు పెట్టడం వల్లే కూలి తక్కువగా ఉండిపోయింది. పనివాళ్లని ఒప్పుకుంటే కనీస కూలి ఇవ్వాలి, సంఘం పెట్టుకుంటారు. గృహిణికి ఆ బాధ లేదు.

మా ఇంట్లో కూడా అదే మాట. నాన్న ఎవరికైనా చెప్పాల్సి వస్తే, "ఆవిడ ఊరికే కూచోలేక ఏదో అల్లుతుందండి" అనేవారు. చెడ్డమనిషి కాదు, అందరూ అలాగే అనేవారు. నాకు గుర్తున్నది వేరే. దారం ఉండ దొర్లిపోకుండా స్టీలు గిన్నెలో పెట్టేది. చేపల కూర వండిన రోజు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని గానీ సూది ముట్టుకునేది కాదు. మధ్యాహ్నం అరుగు మీద నలుగురైదుగురు కలిసి కూర్చుంటే చీకటి పడి దారం కనిపించనంతవరకూ లేచేవాళ్లు కారు. పొట్లం ఏజెంటు దగ్గరికి పట్టుకెళ్లడం నా పని. ఆయన విప్పి, వెలుతురుకి పట్టి, "ఇక్కడ మురికి పట్టింది" అని కొంత కోసేసేవాడు. నేను ఏమీ అనేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ కూడా ఏమీ అనేది కాదు. ఆ డబ్బులతోనే చిన్న చిట్టీ కట్టేది. నా పాస్‌పోర్టుకి, మెడికల్‌కి, బొంబాయి రైలు టికెట్టుకి ఎత్తింది ఆ చిట్టీయే. ఐర్లాండ్ వాక్యం దగ్గర ఆగింది అందుకే.

ఇప్పుడు మన గోదావరి ఊళ్ల నుంచే ఎంతోమంది అక్కలు కువైట్‌కి, మస్కట్‌కి ఇంటిపనికి వస్తున్నారు. వాళ్లలో లేసు సూది పట్టుకున్న చేతులు ఎన్నో. నేను అడిగిన ఒక అక్క, పాలకొల్లు దగ్గరావిడ, ఇలా అంది: "అక్కడ మా ఇంట్లో కూచుని చేశాను, ఇక్కడ వేరేవాళ్ల ఇంట్లో నిలబడి చేస్తున్నాను." ఇంట్లో జరిగే పని పని కాదన్న లెక్క ఇక్కడా ఉంది. కువైట్ 2010 కార్మిక చట్టం ఇంటి పనివాళ్లకి వర్తించదు. వాళ్ల కోసం వేరే చట్టం 2015లో వచ్చింది, 68వ నంబరు. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి అని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లు అని పెట్టారు. కాగితం మీద ఉన్న ఆ సెలవు మీలో ఎంతమందికి దొరుకుతోందో మీకే తెలుసు. అయినా కాగితం మీద ఉండటం కూడా చిన్న విషయం కాదు, అడగడానికి ఒక ఆధారం. ఇంటి దగ్గర కూర్చుని ఒకరి కోసం చేసే పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒప్పందం చేసింది, ఇంటి పనివాళ్ల గురించి 2011లో ఇంకొకటి. మన దేశం ఆ రెండిటికీ ఇంతవరకూ ఒప్పుకోలేదు.

నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి వేరే చోటివాళ్లు అమ్ముకోకూడదు. మంచిదే. పేరుకి కాపలా దొరికింది. కూలికి దొరికిందా అని మాత్రం నేను అడుగుతూనే ఉంటాను.

మఫ్లర్ ఇప్పుడు మూడున్నర అడుగులు వచ్చింది. డ్యూటీ అయ్యాక రోజుకి గంట చొప్పున చేస్తున్నాను, ఇప్పటికి 17 గంటలు. గోడ మీద క్యాలెండర్‌లో గీతలు పెట్టాను. ఆ మాట అమ్మకి చెప్తే, "గంటలు కూడా లెక్కపెట్టుకుంటారేంట్రా?" అంది. అంచు మాత్రం ఇంకా కొంచెం వంకరే అంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆవిడే మాట్లాడుతుంది, ఒప్పుకుంది. మీ ఇళ్లలో లేసు చేసినవాళ్లుంటే, దారం కట్టకి ఎంతిచ్చేవాళ్లో, ఏ సంవత్సరమో, ఏ ఊరో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు చెప్పక్కర్లేదు. రేట్లు చెప్తే చాలు.