పనసకఱ్ఱ, వజ్రపు డోము

నూజివీడు పేరు వినగానే శ్రోతలకు చిన్నరసములు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ మామిడి సీమకు పనసవలన కూడ కొంత కీర్తి కలిగినది. 2022 వఱకు కృష్ణా జిల్లాలో నుండి, అటుపిమ్మట ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణమున చిరకాలముగా పనసకఱ్ఱతో వీణలు చేయుచున్నారు. ఈ విద్యను నిలిపినవారు ముస్లిం కుటుంబములవారు. సరస్వతీదేవి చేతి వాద్యమునకు వారి ఉలి ప్రాణము పోయుచుండుట మన దేశమున వింతగా తోచదు.

తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున, అనగా 17వ శతాబ్దపు ఆరంభమున, వీణకు 24 మెట్లు స్థిరపడెనని సంప్రదాయము. తంజావూరున గాని, బొబ్బిలిలో గాని, నూజివీడులో గాని కఱ్ఱ మాత్రము పనసయే. ఏల? అది చెదకు సులభముగా లొంగదు. బాగుగా ఆరినచో వంకర పోదు. పలుచగా తొలిచినను బిగువు చెడదు. మీటిన తంత్రి తనంత చేయు చప్పుడు స్వల్పము. అది గుఱ్ఱము మీదుగా కుండపై పలకను కదల్చినప్పుడే నాదము పుట్టును. కంచు మెట్లను మైనములో కూర్చుటయు ఇట్టి యోచనయే: శ్రుతి తప్పినచో మైనమును కరగించి మెట్టును జరుపవచ్చును.

ఆ నాదము మన యింటికి చేరు మార్గమున చివరి మజిలీ లౌడుస్పీకరు. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు ప్రకటించిన స్పీకరులో కంపించినది కాగితపు శంకువు. మంద్రమును కదల్చు పెద్ద శంకువు అతితార ధ్వనులకు చాలినంత చుఱుకు కాదు. అందుచే ట్వీటరు అను చిన్న డోము వచ్చెను. దానికి పట్టు, అల్యూమినియము, టైటానియము వాడిరి. 1974లో యమహా వారు ఎన్‌.ఎస్‌. 1000 స్పీకరులో బెరీలియము పెట్టిరి. ఈ శతాబ్దమున కృత్రిమ వజ్రము కూడ వచ్చెను.

ఈ వ్యయమునకు కారణము లేకపోలేదు. ప్రతి లోహపు డోమును ఏదో యొక స్థాయిలో తనంత తాను మ్రోగును. తేలికయు బిగువును హెచ్చినకొలది ఆ మ్రోత మన వినికిడి మేరయగు 20,000 కంపనములకు మీదికి తొలగును. ధ్వని అల్యూమినియములో సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోవును. బెరీలియములో 12,000కు పైన, వజ్రములో 17,000కు పైన. పట్టు ఇంత బిగువైనది కాదు. కాని తన మ్రోతను తానే మ్రింగుకొనును; వీణకు మా ఓటు దానికే. బెరీలియము ధూళి ఊపిరితిత్తులకు హానికరమను మాటయు మఱవరాదు.

గమనింపుడు: పనసకఱ్ఱను పలుకుటకై ఎన్నుకొందురు, డోమును పలుకకుండుటకై. తన కంఠము వినిపించిన స్పీకరు చెడ్డది. వినిపింపని వీణ చెడ్డది.

మీడియం వేవు ప్రసారమున స్వరముల పైభాగము సుమారు 4,500 కంపనముల వద్దనే ఆగిపోవును, ఎఫ్‌.ఎం.లో 15,000 వఱకు వచ్చును. కావున మీడియం వేవున వీణ వినువారు వజ్రము కొనిన, ధనమే వ్యయము. మేము పంపని దానిని వజ్రము మాత్రము ఎచ్చటినుండి తేగలదు?

మాకు తోచు భయము వేఱు. సభలలో నేడు వీణకు పలువురు కాంటాక్టు మైకు తగిలించుచున్నారు. అది గుఱ్ఱమునకు సమీపమున కదలికను గ్రహించునే గాని, కుండ గాలిలోనికి వదలు నాదమును వినదు. క్రింది సొరకాయకు మాఱుగా ఫైబరు బుఱ్ఱ వచ్చెను; అది ప్రధానముగా ఆధారము కనుక నష్టము కొంచెమే. కాని కుండ పలుకునే శ్రోత వినకున్నచో, ముదురు పనసను ఏండ్లు ఆరబెట్టిన వానికి ఆ వెల ఎవ్వరిత్తురు? స్టూడియోలో మైకును కుండ యెదుట కొంత దూరమున నుంచి వినినచో ఈ భేదము ఒక్క మీటుకే తెలియును.