ఇంజను నాడి తెలిపే గీత

మన సంచికల్లో పి.ఆర్.సి., డి.ఆర్., మెడికల్ బిల్లుల ముచ్చట్లు ఎప్పుడూ ఉండేవే. ఈసారి మన ఇంటి ముందు నిలబడే బండి గురించి, దాని రోగం కనిపెట్టే ఒక యంత్రం చరిత్ర గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

నిజాం రాజ్యంలో 1932 జూన్‌లో రైల్వే శాఖ కిందనే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైంది. అప్పట్లో మన బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. 2016 నుంచి మనది కామారెడ్డి జిల్లా. జిల్లాలు మారినట్టే బండ్లూ మారాయి. బండ్లతో పాటు మెకానిక్ పనీ మారింది.

సమితి, తాలూకా ఆఫీసుల్లో పనిచేసిన వారికి పెట్రోలు జీపులు గుర్తుండే ఉంటాయి. లాగు బుక్కు రాసింది మనమే, రిపేరు బిల్లులు పాసుకు పెట్టింది మనమే. ఆ జీపులో కరెంటు పని తక్కువ. బ్యాటరీ, కాయిలు, డిస్ట్రిబ్యూటరు, అందులో పాయింట్లు, కండెన్సరు, చివర ప్లగ్గులు. పాయింట్లు విడిపోయిన క్షణాన కాయిలులో వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ వచ్చేది. బండి మొరాయిస్తే మెకానిక్ పాయింట్లు గీకి, సందు సరిచేసి, కార్బురేటర్ స్క్రూ తిప్పుతూ చెవితో వినేవాడు. ఆ చెవే అతని పరికరం.

కంటికి కనిపించని కరెంటును తెర మీద గీతగా చూపే గొట్టాన్ని 1897లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేశాడు. ఆయనకు 1909లో మార్కోనీతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది గానీ అది వైర్‌లెస్ పనికి. ఆ గొట్టం నుంచే ఆసిలోస్కోపు పుట్టింది, టీవీ పిక్చర్ ట్యూబూ పుట్టింది. హైదరాబాదులో 1967లో ఎ.ఎస్. రావు గారి సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ ముందు కూర్చున్న వారంతా ఆ గొట్టం వంశాన్ని చూసినవారే.

అదే 1967లో జర్మనీలో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ పెట్రోల్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ కార్లలోకి తెచ్చింది. పొగ తగ్గించాలన్న చట్టాలు వచ్చిన కొద్దీ ఇంజనులోకి కంప్యూటరు చేరింది. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దానికి ఉన్నది కార్బురేటరే. ఢిల్లీ కాలుష్యం మీద సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన ఆదేశాలతో దశ తిరిగింది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 దేశమంతా అమలయ్యాక మామూలు మోటారు సైకిలుకు కూడా ఇంజెక్షను, కంప్యూటరు వచ్చేశాయి. అంటే ఇప్పుడు పొలం గట్టున నిలబెట్టిన కొత్త బండిలోనూ ఒక కంప్యూటరు ఉన్నది.

ఇక్కడే చెవి చాలదు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్క చుట్టుకు పట్టేది సెకనులో యాభయ్యో వంతు. మామూలు మీటరు ఆ వేగాన్ని పట్టలేదు, సగటు చూపి ఊరుకుంటుంది. ఆసిలోస్కోపు ప్రతి కదలికనూ గీసి చూపుతుంది. చాలా కార్లలో క్రాంక్ షాఫ్టుకు అరవై పళ్ల లెక్కన చక్రం చేసి, రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు. సెన్సారు ముందు 58 పళ్లు పోతుంటే 58 అలలు వస్తాయి, ఆపైన ఒక ఖాళీ. ఆ ఖాళీని బట్టే పిస్టను ఎక్కడున్నదో కంప్యూటరు గుర్తిస్తుంది. ఇంజెక్టరు తీగ మీద గీత బ్యాటరీ వోల్టుల ఎత్తున ఉండి, పెట్రోలు చిమ్మే కొద్ది మిల్లీసెకన్లు సున్నా దగ్గరకు దిగుతుంది. ఆక్సిజన్ సెన్సారు గీత 0.1, 0.9 వోల్టుల నడుమ ఊగుతుండాలి. ఊగకుండా నిలిచిపోతే ఏదో తేడా ఉన్నట్టు.

మా బంధువుల కారు ఎండలో పది మైళ్లు పోగానే ఆగిపోయేది. చల్లారితే మళ్లీ నడిచేది. ఒకచోట కంప్యూటరు మార్చాలన్నారు. ఆ ఖర్చు నా నెల పెన్షను అంత. ఇంకొక మెకానిక్ కుర్రవాడు ఆసిలోస్కోపు తగిలించి ఇంజను వేడెక్కేదాకా కూర్చున్నాడు. వేడెక్కగానే ఆ 58 అలలూ చిన్నబోయి మాయమయ్యాయి. సెన్సారు మార్చారు, కారు నడిచింది. కంప్యూటరుకు ఏ రోగమూ లేదు.

స్కానరు యంత్రం ఒక కోడు నంబరు చూపుతుంది. ఆ నంబరు ఫలానా సర్క్యూట్లో లోపమున్నదని చెబుతుందే గాని, చెడింది సెన్సారా, తీగా, కంప్యూటరా అన్నది చాలాసార్లు తేల్చదు. గీత చూస్తే తేలుతుంది. అయితే కాయిలు దగ్గర వందల, వేల వోల్టులు ఎగురుతాయి కనుక దానికి తగిన ప్రోబు లేకుండా తగిలిస్తే యంత్రం పాడవుతుంది, మనిషికీ ప్రమాదమే. తెలిసినవారే చేయవలసిన పని.

ఛాతీ నొప్పి అంటే డాక్టరు ముందు ఈసీజీ తీస్తాడు, తర్వాతనే మందు రాస్తాడు. బండి విషయంలోనూ అంతే. ఖరీదైన భాగం మార్చాలన్నప్పుడు "ఏ పరీక్ష చేశావు బాబూ, ఏం కనిపించింది?" అని మర్యాదగా అడగండి. మన ప్రాంతంలో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే మనుమలకు ఈ యంత్రం వాడకం నేర్చుకొమ్మని చెప్పండి. పాత మెకానిక్ చెవి, కొత్త కుర్రవాడి తెర ఒక్కచోట చేరితే మన పెన్షను డబ్బు నాలుగు రోజులు నిలుస్తుంది.