బోను నుంచి గుసగుస దాకా

1954 డిసెంబరులో బీబీసీ మొదలుపెట్టిన టీవీ సిరీస్ ‘జూ క్వెస్ట్’ పనేమిటో పేరులోనే ఉంది. అడవికి వెళ్లాలి, జంతువును పట్టాలి, లండన్ జూకి తేవాలి. పట్టిన తీరు ఫిల్ము మీద చూపి, తెచ్చిన ప్రాణిని స్టూడియోలో లైవ్‌గా చూపేవారు. తెర మీద కనిపించాల్సిన మనిషి జూలో సరీసృపాల విభాగం చూసే జాక్ లెస్టర్. మొదటి భాగం కాగానే ఆయన జబ్బుపడటంతో, నిర్మాతగా తెర వెనక ఉన్న ఇరవై ఎనిమిదేళ్ల డేవిడ్ అటెన్‌బరో ముందుకు రావాల్సివచ్చింది. అలా అనుకోకుండా వచ్చిన మనిషిని మూడు తరాలు వదల్లేదు. గొంతు బాగుంటుంది కాబట్టి అంటారు చాలామంది. మంచి గొంతున్న వ్యాఖ్యాతలు ఎందరో వచ్చారు, పోయారు. జంతువు ఎదుట మనిషి ఎలా మసలాలన్న విషయంలో అటెన్‌బరో మారుతూ వచ్చారు, ఆ మార్పును జనం కళ్లారా చూశారు. ఈ అభిమానం వేరు అక్కడుందని నా నమ్మకం.

ఆ మార్పు బాగా కనిపించేది 1979 నాటి ‘లైఫ్ ఆన్ ఎర్త్’లో. పదమూడు భాగాల్లో జీవపరిణామ కథ చెప్పిన ఈ సిరీస్ కోసం 1978 జనవరిలో బృందం రువాండాలోని విరుంగా కొండలెక్కింది. అక్కడ గొరిల్లాల మధ్య ఏళ్లుగా ఉంటున్న డయాన్ ఫాసీ అప్పుడు దుఃఖంలో ఉన్నారు. ఆమె ప్రాణంగా చూసుకున్న డిజిట్ అనే గొరిల్లాను కొద్దిరోజుల కిందటే వేటగాళ్లు చంపేశారు. అటెన్‌బరో చెప్పాల్సిన పాఠం బొటనవేలి గురించి. మిగతా వేళ్లకు ఎదురుగా తిరిగి పట్టు బిగించే ఆ వేలు వానరజాతికి ఎలా కలిసొచ్చిందో. ఆకుల మధ్య పాకుతూ వెళ్లి కూర్చున్నారు. ఒక ఆడ గొరిల్లా ఆయన తల మీద చేయి వేసింది. పిల్లలు మీదికెక్కి బూట్ల లేసులు లాగాయి. పాఠం ఎటో పోయింది. ఫిల్ము అయిపోతుందేమోనని దర్శకుడు ఆచితూచి తీయించడంతో దక్కింది కొంచెమే, అయినా ఆ కొంచెమే జనం మనసుల్లో నిలిచిపోయింది. ఇరవై నాలుగేళ్ల కిందట బోనులతో అడవికి వెళ్లిన మనిషి ఇక్కడ తానే జంతువుల చేతికి చిక్కి, కదలకుండా, గొంతు తగ్గించి ఉండిపోయారు.

ఈ అభిమానమంతా కెమెరాల గొప్పే అనేవారి మాట కొట్టిపారేయలేం. అటెన్‌బరో వ్యాఖ్యానించిన ‘ప్లానెట్ ఎర్త్’ సిరీస్ అమెరికాలో నటి సిగోర్నీ వీవర్ గొంతుతో వచ్చినా బాగానే ఆడింది. అయితే పదేళ్ల తర్వాత ‘ప్లానెట్ ఎర్త్ 2’ అక్కడ కూడా అటెన్‌బరో గొంతుతోనే వచ్చింది. ఇంతకంటే బరువైన నింద మరొకటుంది: అందం చూపి విధ్వంసాన్ని దాచారని. దశాబ్దాల పాటు ఆయన సిరీస్‌లలో అడవి చెక్కుచెదరనట్టే కనిపించింది, గొడ్డలి వేటు ఫ్రేము బయటే ఉండిపోయింది. వాతావరణ మార్పు మీదే ప్రత్యేకంగా కార్యక్రమాలు చేసింది 2006లో. ఆలస్యమే, ఒప్పుకోవాలి. కానీ ఎన్నడూ మక్కువ కలగని దాన్ని పోగొట్టుకుంటున్నామంటే ఎవరికి బాధ? 2017లో ‘బ్లూ ప్లానెట్ 2’ సముద్రంలోని ప్లాస్టిక్‌ను చూపినప్పుడు బ్రిటన్ అంతగా కదిలిందంటే, దాని వెనక అరవై ఏళ్ల మక్కువ ఉంది.

తన పాత రోజులను ఆయన దాచుకోలేదు కూడా. బరువైన 35 ఎంఎం కెమెరా మోయలేమని ‘జూ క్వెస్ట్’ బృందం 16 ఎంఎం అడిగితే, బొమ్మ స్పష్టంగా ఉండాలని బీబీసీ రంగుల ఫిల్ము వాడమంది. టీవీలు నలుపు తెలుపువి కావడంతో ఆ రంగులు ఎవరి కంటా పడలేదు. 2016లో, అటెన్‌బరోకు తొంభై ఏళ్లు నిండిన వేళ, అవి ప్రసారమయ్యాయి. ఉచ్చులో పడిన కొమొడో డ్రాగన్ అందులో ఉంది. 1956లో దాన్ని పట్టారు, ఇండోనేసియా దాటించే అనుమతి రాక అక్కడే వదిలేసి వచ్చారు.