మన్యపు దుంపయు మదరాసు చట్టమును

నర్సీపట్నము దాటి లంబసింగి మీదుగా చింతపల్లి కొండల నెక్కునప్పుడు అడవి మనకు కంటి కింపుగా తోచును. అచ్చట పుట్టి పెరిగినవారికి మాత్రము అది గాదె. చోళ్ళు, సామలు నిండుకొని, కొత్తపంట ఇంకను చేతికి రాని వానకారు దినములలో వారిని బ్రదికించినది ఈ గాదెయే.

అడవి దుంపలన్నియు ఊరక తినదగినవి కావు. కొన్నిటిలో చేదును, విషమును గలవు. వానిని పలుచగా తరిగి, బుట్టలో నుంచి, పారుచున్న వాగునీట నాననిచ్చి, పిమ్మట ఉడికింతురు. మామిడి టెంకలోని జీడిని గూడ నీట నానబెట్టి, వగరు పోగొట్టి, అంబలి కాచుకొందురు. జీలుగు చెట్టు కల్లు నిచ్చును; కరవునాట దాని మ్రానులోని పిండియే కూడు. ఇది అనాగరికమనువారు ఒక్కసారి ఆ దుంపను విషము విరుగునట్లు వండి చూడవలెనని మా మనవి.

కల్లుగీతపై పన్ను 1879 నాటి రంప తిరుగుబాటునకు కారణములలో నొకటి. 1882లో మదరాసు అటవీ చట్టము వచ్చెను. రిజర్వు అడవు లేర్పడెను. పోడునకు అడ్డంకులు, పశువుల మేతకు రుసుము, నిన్నటివరకు తమదైన కాయకును కట్టెకును అనుమతి! పైగా నర్సీపట్నము నుండి చింతపల్లికి వేసిన బాటపై చాలీచాలని కూలికి చాకిరి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై పడునాటికి, ఆయన వెంట నిలిచిన గిరిజనుల కడుపుమంట నలువదేండ్లది. మనము చదివిన చరిత్రలలో తుపాకుల లెక్క గలదు. పొయ్యిమీది కుండ మాట అరుదు.

అడ్డాకు, ఉసిరి, కరక్కాయ వంటివి ఏరుకొని అమ్ముకొనుట వారి హక్కని పార్లమెంటు 2006 నాటి చట్టములో గాని ఒప్పుకొనలేదు.