పసరు పోసేవాడు మంత్రగాడు కాడు

పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో బల్క్ డ్రగ్స్ టన్నుల లెక్కన తయారవుతాయి. అదే జిల్లాలోని జోగిపేట చుట్టుపక్కల పల్లెల్లో పసిరికలు వస్తే నేటికీ పసరు పోసేవాళ్ల పేరే ముందు వినిపిస్తుంది. నేల ఉసిరిని వేళ్లతో సహా పీకి, కడిగి, మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు. నూనె, మాంసం బంద్.

ఈ వైద్యుణ్ణి మంత్రగాడితో కలిపేయడం పాత అలవాటు. 1980ల్లో ఉమ్మడి మెదక్ జిల్లాను బాణామతి భయం పట్టి పీడించినప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు పల్లెపల్లె తిరిగి, అది చేతబడి కాదని నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆఫ్రికాలోనూ ఇదే కథ. జులూల్లో మూలికలిచ్చే ఇన్యాంగా వేరు, సోదె చెప్పే సంగోమా వేరు. తెల్లదొరలకు మాత్రం ఇద్దరూ మంత్రగాళ్లే! దక్షిణాఫ్రికాలో 1957 నాటి చట్టం సోదె చెప్పడాన్నీ నేరాల్లో చేర్చింది. 2007లో వచ్చిన మరో చట్టం ఇద్దరినీ సంప్రదాయ వైద్యులుగా గుర్తించింది.

నాటు వైద్యానికి రాతకోతలు లేవన్నదీ నిలిచే మాట కాదు. సంస్కృత శ్లోకాల నడుమ తెలుగు కలిపి రాసిన ‘బసవరాజీయం’ మన నేల గ్రంథమే. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూలులో ప్రామాణిక ఆయుర్వేద గ్రంథాల వరుసన దాని పేరుంది. అందులో ఆకులూ వేళ్లే కాదు, పాదరసంతో చేసే మందులూ ఉన్నాయి.

ఇక పల్లె నమ్మకం సంగతి. చెట్టు మందు హాని చేయదంటారు. కానీ పాముకాటుకు వాడే ఈశ్వరి చెట్టు జాతిలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడేందుకు ఆ జాతి మూలిక కలిసిన మందు మింగిన ఆడవాళ్లకు కిడ్నీలు చెడిపోయాయి. ఆ ఆమ్లం క్యాన్సర్ కారకమని కూడా తర్వాత తేలింది.

మరి పసరుతో పసిరికలు తగ్గడం అబద్ధమా? తగ్గడం నిజమే. హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు దక్కుతుంది. నేల ఉసిరిని కొట్టిపారేయడానికీ లేదు. హెపటైటిస్ బి మీద అది పనిచేస్తోందని 1988లో మద్రాసు పరిశోధకులు ‘లాన్సెట్’లో రాశారు, తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ కనిపించలేదు. పైగా పసిరికలన్నీ ఒక్కటి కావు. పిత్తనాళంలో రాయి అడ్డుపడ్డా కళ్లు పచ్చబడతాయి, ఆ రాయిని ఏ పసరూ కరిగించలేదు.

పసరు తాగినవాళ్లు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. పాము కరిస్తే మాత్రం ఆకు కోసం వెతక్కుండా యాంటీవెనమ్ ఉన్న ఆస్పత్రికి పోవాలి.