ఇంటి నిర్మాణ గుత్త

ఇంటి నిర్మాణ గుత్త అనగా సొంత స్థలంలో తనకు కావలసిన నమూనాలో ఇల్లు కట్టించుకొనే యజమానికీ, ఆ పనిని చేసిపెట్టే మేస్త్రీకి లేదా కాంట్రాక్టరుకూ మధ్య కుదిరే ఒప్పందం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో అపార్టుమెంట్లు పెరిగిన తరువాత కూడా చిన్న ఊళ్ళలోను, పట్టణాల శివార్లలోను విడి ఇళ్ళను ఎక్కువగా ఈ పద్ధతిలోనే కడుతున్నారు. కట్టి ఉన్న ఇంటిని కొనేవారు దానిని చూసి కొంటారు. గుత్తకు ఇచ్చేవారు ఇంకా లేని ఇంటికి డబ్బు చెల్లిస్తారు. ఖర్చు విషయంలోను, నాణ్యత విషయంలోను వచ్చే తగాదాలలో చాలావాటికి మూలం ఇదే. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అనే సామెత ఊరికే పుట్టలేదు.

గుత్త పద్ధతులు

కూలి గుత్తలో సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక మొదలైన సామగ్రిని యజమానే కొని ఇస్తాడు. మేస్త్రీ చదరపు అడుగుకు ఇంత అని కూలి మాత్రమే తీసుకుంటాడు. సిమెంటు మిగిల్చినా మేస్త్రీకి లాభం లేదు కనుక మాలు పలచబడే ప్రమాదం తక్కువ. అయితే కూలి విస్తీర్ణాన్ని బట్టి వస్తుంది కాబట్టి పని త్వరగా ముగించాలన్న తొందర ఉంటుంది. వృథా అయిన సరుకు భారమంతా యజమానిదే.

సామగ్రితో సహా ఇచ్చే గుత్తలో యజమానికి తిరుగుడు తప్పుతుంది. కానీ ఇందులో మిగిలిన ప్రతి బస్తా, ప్రతి కిలో ఇనుము కాంట్రాక్టరుకు లాభం అవుతుంది. నిజాయితీపరుడైన కాంట్రాక్టరు కూడా ధరలు పెరిగినప్పుడు ఎక్కడో ఒకచోట సర్దుకోవలసి వస్తుంది. అందువలన ఈ పద్ధతిలో సరుకుల వివరణ పత్రానికి ప్రాముఖ్యత ఎక్కువ. అయిన ఖర్చుపై శాతం ఇచ్చే పద్ధతి, ఒక్కొక్క పనికి విడి రేటు కట్టే పద్ధతి కూడా ఉన్నాయి. మొదటిదానిలో ఖర్చు పెరిగిన కొద్దీ కాంట్రాక్టరు ఆదాయమూ పెరుగుతుంది. రెండవది న్యాయమైనదే గాని, కొలతలు తీయగల ఇంజనీరు తోడు లేనిదే సాధ్యపడదు.

చదరపు అడుగు ధర

సాధారణంగా బేరం అంతా చదరపు అడుగు ధర మీద నడుస్తుంది. ఏ విస్తీర్ణాన్ని లెక్కించాలి అన్న ప్రశ్న మాత్రం చివరి బిల్లు వచ్చే వరకు ఎవరికీ తోచదు. ఉదాహరణకు ఒక ఇంట్లో గదులు, గోడలు కలిపి 1,000 చదరపు అడుగులు, పోర్టికో 120, మెట్ల గది 100 ఉన్నాయనుకుంటే, యజమాని 1,000కి, కాంట్రాక్టరు 1,220కి లెక్క వేస్తారు. ధర లెక్క కోసం రూ.2,000 అనుకుంటే తేడా రూ.4,40,000 అవుతుంది. విస్తీర్ణం కొలిచే పద్ధతిని భారతీయ ప్రమాణం ఐఎస్ 3861 వివరిస్తుంది. పోర్టికో, బాల్కనీ, మెట్లు పూర్తిగా లెక్కలోకి వస్తాయా, సగమా అన్నది ఒప్పందంలో రాసుకుంటే ఈ తగాదా రాదు.

ధరలో ఏమి లేదు అన్నది అంతకంటే ముఖ్యం. సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు, ప్రహరీ గోడ, గేటు, విద్యుత్ కనెక్షను, అలమరలు, ఎలివేషను పనులు తరచు ధరకు వెలుపలే ఉంటాయి. తక్కువ ధర చెప్పిన కాంట్రాక్టరు వీటన్నిటినీ విడిగా లెక్కిస్తే, ఎక్కువ ధర చెప్పినవాని ఇల్లే చివరకు చవక కావచ్చును. "మంచి రకం టైల్సు", "నాణ్యమైన తలుపులు" వంటి మాటలకు విలువ లేదు. టైల్సుకు చదరపు అడుగు కొనుగోలు ధర, గుమ్మానికి కర్ర రకం, మందం, తీగలకు కంపెనీ పేరు, సైజు రాసి ఉంటేనే పోల్చడానికి వీలవుతుంది.

పునాది ఖర్చు నేలను బట్టి మారుతుంది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. అటువంటి చోట గట్టి నేల తగిలే వరకు తవ్వాలి, లేదా అండర్‌రీమ్డ్ పైల్సు వంటి పునాది వేయాలి. గొయ్యి తవ్వక ముందే చదరపు అడుగు ధరలో పునాది లోతును కలిపేస్తే, నష్టపోయేవాడు యజమానో కాంట్రాక్టరో చెప్పడం కష్టం. లోతుకు ఒక పరిమితి పెట్టి, ఆపైన అడుగుకు ఇంత అని రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

పన్నుల సంగతి కూడా ధరలో స్పష్టం కావాలి. 2017 జూలై 1 నుండి అమలైన వస్తు సేవల పన్ను కింద, సముదాయంలో భాగం కాని ఒంటరి ఇంటికి చేసే కేవల కూలి పనికి మినహాయింపు ఉంది. సామగ్రితో చేసే పనికి, నమోదైన కాంట్రాక్టరు 18 శాతం పన్ను వేస్తాడు. సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

నాణ్యత

ఇనుమును తూకంతో పరీక్షించవచ్చును. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. 12 ఎం.ఎం. కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు, 12 మీటర్ల కడ్డీ సుమారు 10.66 కిలోలు ఉంటుంది. ఐఎస్ 1786 ప్రకారం ఈ సైజులో మొత్తం సరుకుపై 5 శాతం వరకు తేడాను అనుమతిస్తారు. కడ్డీలను లెక్కించి బరువు కట్టే దుకాణంలో కొన్నప్పుడు ఈ చిన్న లెక్క చాలా డబ్బు కాపాడుతుంది.

సిమెంటు బస్తా 50 కిలోలు. 53 గ్రేడు అంటే 28 రోజులకు ప్రామాణిక పరీక్షలో చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్ల బలం ఇచ్చే సిమెంటు అని అర్థం. గ్రేడు సంఖ్య పెద్దదైతే ఇల్లు గట్టిదని అనుకోవడం పొరపాటు. నీటి పాళ్ళు, తడపడం సరిగా లేకపోతే ఏ సిమెంటూ నిలవదు. ఇసుక దొరకని చోట రాతిని పొడిచేసి తయారుచేసే రోబో ఇసుక వాడుతున్నారు. దీనిని ఐఎస్ 383 ప్రమాణం అంగీకరిస్తుంది. క్రషరు డస్టును రోబో ఇసుక పేరుతో దింపడం మాత్రం వేరే విషయం. తడి ఇసుక ఘనపరిమాణంలో ఉబ్బి కనబడుతుంది కనుక ట్రాక్టరు లెక్కన కొనేటప్పుడు ఆ తేడాను గమనించాలి.

ఐఎస్ 456 ప్రకారం ఇనుము వాడే కాంక్రీటు కనీసం ఎం20 గ్రేడు కావాలి. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర అన్న వాడుక పాళ్ళు దీనికి సరిపోతాయి. అలా కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. స్లాబు రోజున తట్టలు మోసేవారి చేతికి మాలు సులువుగా జారాలని నీళ్ళు ఎక్కువగా పోయించడం చాలాచోట్ల అలవాటు. యజమాని ఆ రోజు పనివారి భోజనాల ఏర్పాటులో ఉంటాడు, మిక్సరు దగ్గర ఎవరూ ఉండరు. ఎక్కువైన నీరు ఎండిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గుతుంది, తరువాత స్లాబు కారుతుంది. ఇనుము కింద కవరు బిళ్ళలు లేకపోతే తేమ తగిలి తుప్పు పట్టి, కొన్నేళ్ళకు పెచ్చులు ఊడుతాయి. స్లాబుకు కనీసం 20 ఎం.ఎం., స్తంభాలకు 40 ఎం.ఎం. కవరు అవసరం.

మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు వాడినప్పుడు, లేదా వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. తెలుగు ప్రాంతపు ఎండాకాలానికి ఈ రెండవ నియమమే వర్తిస్తుంది. 4.5 మీటర్లకు మించిన స్లాబు కింది ఆధారాలను 14 రోజుల తరువాతే తీయాలి. సెంట్రింగు సామాను అద్దెది కావడం వలన దానిని ముందుగానే లాగివేయాలన్న ఒత్తిడి ఉంటుంది. 150 ఎం.ఎం. దిమ్మెలు పోసి 28 రోజులకు పరీక్ష చేయించడం పెద్ద కట్టడాలలో మామూలే. విడి ఇళ్ళలో అరుదు, ఖర్చు మాత్రం స్వల్పం.

చెల్లింపులు

అడ్వాన్సు, పునాది, బేస్‌మెంటు, లింటెలు, స్లాబు, ప్లాస్టరింగు, ముగింపు అనే దశలలో డబ్బు ఇవ్వడం వాడుక. స్లాబుతో ఇల్లు దాదాపు అయిపోయినట్లు కనిపిస్తుంది. నిజానికి ప్లాస్టరింగు, గచ్చు, తలుపులు, తీగలు, కొళాయిలు, లప్పం, రంగుల ఖర్చు మొత్తంలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. రూ.25 లక్షల గుత్తలో స్లాబు నాటికే రూ.20 లక్షలు ఇచ్చివేస్తే, రూ.12 లక్షల పని మిగిలి రూ.5 లక్షలు మాత్రమే ఇవ్వవలసి ఉంటుంది. అప్పుడు కాంట్రాక్టరు మరో ఇంటి పని ఒప్పుకొని వెళ్ళిపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రతి దశలోను కొంత సొమ్ము నిలుపుకొని, ఒక వానాకాలం గడిచిన తరువాత ఇవ్వడం కారుడు బయటపడడానికి ఉపయోగిస్తుంది. గృహ రుణం ఇచ్చే బ్యాంకు తరఫు ఇంజనీరు పని ఎంత వరకు వచ్చిందో చూస్తాడు. అది నాణ్యత తనిఖీ కాదు.

చట్టపరమైన రక్షణ

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు ఉద్దేశించినది. నిర్మాణ లోపాలకు అందులో ఉన్న ఐదేళ్ళ బాధ్యత సొంత స్థలంలో గుత్తకు కట్టించుకున్న ఇంటికి వర్తించదు. అయితే ఇంటి నిర్మాణాన్ని వినియోగదారుల పరిరక్షణ చట్టం సేవగా పేర్కొంటుంది. 1986 చట్టానికి 1993లో చేసిన సవరణతో వచ్చిన ఈ మాట 2019 చట్టంలోనూ ఉంది. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షలు మించకపోతే ఫిర్యాదు జిల్లా కమిషనుకు వెళుతుంది. కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. రాతపూర్వక ఒప్పందం లేకున్నా రసీదులు, బ్యాంకు చెల్లింపులు, ఫోను సందేశాలు, కాంక్రీటు పోయక ముందు తీసిన ఇనుము ఛాయాచిత్రాలు సాక్ష్యంగా పనికివస్తాయి. స్లాబు పోసిన తరువాత లోపల ఎంత ఇనుము ఉన్నదో చూపగలిగేవి చాలాసార్లు ఆ ఛాయాచిత్రాలే.