జీపు ప్రొపెల్లర్ షాఫ్టు, క్రాసు: అంగడికి పోయే ముందు తెలుసుకోవలసినవి

బెంగళూరులో మన తెలుగువాళ్ల దగ్గరున్న జీపులు రెండు రకాలుగా బతుకుతున్నాయి. చింతామణి, శ్రీనివాసపురం, మదనపల్లె వైపు తోటలున్నవాళ్ల బండ్లు టమోటా, మామిడి మోస్తూ మట్టిదారుల్లో తిరుగుతాయి. ఉద్యోగాలు చేసుకునే మన పిల్లల బండ్లు వారమంతా ట్రాఫిక్‌లో నిలబడి, శని, ఆదివారాల్లో సకలేశపుర, చిక్కమగళూరు కొండలెక్కుతాయి. రెండింటికీ తరచుగా తగులుకునే ఖర్చు ఒకటే: ప్రొపెల్లర్ షాఫ్టు, దాని రెండు చివర్ల ఉండే క్రాసులు. కంపెనీ వేసి ఇచ్చినది పోయాక బయట ఏది కొనాలని సంఘం ఆఫీసుకు వచ్చి అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను మెకానిక్‌ను కాను. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, కొలతా రసీదూ లేని మాట నమ్మే అలవాటు లేదు. పనితెలిసినవాళ్లను అడిగి, కేటలాగులు చూసి రాసిపెట్టుకున్నది ఇక్కడ ఇస్తున్నాను.

గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు ఛాసిస్‌కు బిగించి ఉంటాయి. యాక్సిల్ మాత్రం గుంతల్లో పైకీ కిందికీ ఆడుతుంది. కదలనిదాని నుంచి కదిలేదానికి తిరుగుడును చేర్చేది ఈ షాఫ్టు. మధ్యలో వంగడానికి కూడిక గుర్తు ఆకారంలో ఉన్న ఇనుప ముక్క, నాలుగు కాళ్లకు నాలుగు కప్పులు, ఒక్కో కప్పులో సూదుల్లాంటి సన్నని నీడిల్ బేరింగులు ఉంటాయి. ఐ.టి.ఐ. పుస్తకాల్లో హుక్స్ జాయింట్ అని చదివింది ఇదే. ఆలోచన పాతదే అయినా, మోటారు బండికి సరిపడేలా చేసి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ స్పైసర్. ఈనాటికీ అంగడివాళ్లు 'స్పైసర్ క్రాసు' అనడం వింటాం. ఫోర్ బై ఫోర్ బండిలో మామూలుగా రెండు షాఫ్టులు ఉంటాయి. మారుతీ జిప్సీలో మూడు. దాని ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకు దూరంగా విడిగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక పొట్టి షాఫ్టు అదనం. జిప్సీ కొన్న కొత్తవాళ్లు ముందూ వెనకా చూసి ఈ మధ్యదాన్ని మరిచిపోతుంటారు.

ఈ భాగం ఎంత బరువు మోస్తుందో ఒక లెక్క చూడండి. విల్లీస్ యుద్ధకాలపు జీపు ఇంజను టార్కు 105 పౌండ్-అడుగులు, అంటే సుమారు 142 న్యూటన్ మీటర్లు. మొదటి గేరులో అది 2.665 రెట్లవుతుంది, లో రేంజి వేస్తే మళ్లీ 1.97 రెట్లు. వెరసి 745 న్యూటన్ మీటర్లు. ముందు చక్రాలు గాలిలో లేచి పట్టు మొత్తం వెనక్కి వస్తే ఇదంతా ఒక్క షాఫ్టు మీద పడుతుంది. 2020లో వచ్చిన థార్ డీజిల్ ఇంజను టార్కే 300 న్యూటన్ మీటర్లు, గేర్ల సంగతి ఆ తర్వాత. అయితే క్రాసు విరిగేది నిలకడగా లాగేటప్పుడు తక్కువ. బురదలో చక్రం గిర్రున తిరుగుతూ ఉన్నట్టుండి రాయి మీద పట్టు దొరికినప్పుడు పడే దెబ్బకే ఎక్కువగా విరుగుతుంది. అలాంటి చోట యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేవాడి క్రాసు ఎక్కువకాలం వస్తుంది. అది ఏ అంగడిలోనూ దొరకదు.

ఇప్పుడు అసలు మాట. అందరూ అడిగేది 'అన్నిటికన్నా గట్టిది ఏది?' అని. ఆ ప్రశ్నే సరైనది కాదు. గొలుసులో ఎక్కడో ఒకచోట తెగాలి. క్రాసు తెగితే కొన్ని వందలతోనో, మంచిదైతే అంతకు కొంచెం ఎక్కువతోనో పోతుంది, దారి పక్కనే మార్చుకోవచ్చు. దాన్ని మితిమీరి గట్టిది వేస్తే ఆ దెబ్బ డిఫరెన్షియల్ పినియన్‌కో, ట్రాన్స్‌ఫర్ కేసు అవుట్‌పుట్ షాఫ్టుకో, యాక్సిల్‌కో పోతుంది. వాటి ఖర్చు వేరు, పని రోజులు వేరు. కాబట్టి ఇంజను, టైర్లు కంపెనీ ఇచ్చినవే ఉంటే కంపెనీ సైజు క్రాసునే, మంచి తయారీది కొనండి. టైరు పెద్దదైతేనో, ఇంజను మార్చితేనో ఒక సైజు పైకి వెళ్లండి, రెండు కాదు.

సైజు అంటే కంటితో చూసి చెప్పేది కాదు. మూడు కొలతలు తీయాలి: కప్పు వ్యాసం, ఎదురెదురు కప్పుల చివర నుంచి చివరకు పొడవు, సర్‌క్లిప్పు లోపల పడుతుందా బయట పడుతుందా. ఒక్క కొలత చాలదనడానికి అమెరికా సిరీస్ నంబర్లే సాక్ష్యం. 1310 సిరీస్ కప్పు 27 మి.మీ., పొడవు సుమారు 82 మి.మీ. 1330 కప్పు అదే 27, పొడవు మాత్రం 92. 1350కి పొడవు 92 అలాగే ఉంటుంది, కప్పు 30 దాటుతుంది. కప్పు కొలిచి ఆగితే మొదటి రెండూ ఒకటే అనుకుంటారు, పొడవు కొలిచి ఆగితే చివరి రెండూ ఒకటే అనుకుంటారు. జె.సి. రోడ్డుకు పోయేటప్పుడు పాత క్రాసును కడిగి సంచిలో వేసుకుని, వెర్నియర్ ఒకటి జేబులో పెట్టుకుని పొండి. అక్కడ కన్నడ, తమిళం, ఉర్దూ, తెలుగు అన్నీ నడుస్తాయి కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా 'థార్‌ది ఇవ్వు' అని అడగడంతోనే. థార్ అన్న పేరుతో ఎన్ని రకాల బండ్లు వచ్చాయో! తయారైన సంవత్సరం, ఇంజను, ఛాసిస్ నంబరు చెప్పి, పాతదాని పక్కన కొత్తది పెట్టి కొలిచి తీసుకోండి.

నకిలీ సరుకు సంగతి కూడా చెప్పాలి. డబ్బా మీద పేరు ఎవరైనా అచ్చు వేస్తారు. క్రాసు ఒంటి మీద తయారీదారు గుర్తు, నంబరు ఉన్నాయా చూడండి. ఒక కప్పు మెల్లగా లాగి లోపల చూడండి: సూదులు సందు లేకుండా చుట్టూ నిండి ఉండాలి, ఒక సూది పట్టేంత ఖాళీ ఉంటే అది తిరిగి ఇచ్చెయ్యాల్సిన సరుకు. కాళ్లు అద్దంలా నున్నగా ఉండాలి, గీతలు పనికిరావు. సీళ్లు నాలుగూ ఒకే తీరుగా ఉండాలి. జి.ఎస్.టి. నంబరుతో బిల్లు ఇవ్వమనండి. బిల్లు అనగానే ధర మారితే సరుకు గురించి మీకు కావలసిన సమాచారం దొరికినట్టే.

గ్రీజు నిపుల్ ఉన్నదా, లేనిదా అన్నది పెద్ద వాదన. నిపుల్ ఉన్న క్రాసుకు గ్రీజు పోవడానికి లోపల రంధ్రాలు తొలుస్తారు కాబట్టి బలం కొంత తగ్గుతుంది. నిపుల్ లేనిది గట్టిది, కానీ లోపలికి నీళ్లు చేరితే బయటికి పంపే మార్గం లేదు. రాళ్ల మీద పాకించే శనివారం బండికి రెండోది సరే. రోజూ కాలువ దాటే తోట బండికి నా ఓటు నిపుల్ ఉన్నదానికే, గ్రీజు గన్ను పట్టే ఓపిక ఉంటే. ఇ.పి. రకం లిథియం గ్రీజు, 2వ నంబరు, నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడిట్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాకపోతే ముందు పోయేది ఆ నాలుగోదే. నీళ్లలో దిగిన రోజున ఆ సాయంత్రమే కొట్టాలి.

షాఫ్టు గొట్టం విషయంలో మందం చూసి మోసపోవద్దు. మెలికను తట్టుకోవడంలో వ్యాసానిదే పైచేయి. గోడ మందం ఐదో వంతు పెంచితే బలం దాదాపు ఐదో వంతే పెరుగుతుంది, వ్యాసం ఐదో వంతు పెంచితే సుమారు 44 శాతం పెరుగుతుంది. కానీ లావు గొట్టం రాళ్లకు తగులుతుంది, క్రాస్‌మెంబరుకు ఒరుసుకుంటుంది. సొట్ట పడిన గొట్టాన్ని వెల్డింగు చేసి సరిచేశామంటే తీసుకోవద్దు. షాఫ్టు నిమిషానికి దాదాపు మూడు వేల చుట్లు తిరుగుతుంది, బ్యాలెన్సింగు యంత్రం మీద పెట్టకుండా బండికి ఎక్కించకూడదు. గుజిరీలో కొన్న పాత షాఫ్టుకైనా ఇదే మాట.

బండి ఎత్తు పెంచినవాళ్లు ప్రత్యేకంగా చదవాలి. మీటరు పొడవున్న షాఫ్టు ఒక చివర రెండంగుళాలు ఎత్తు పెరిగితే వంపు దాదాపు 3 డిగ్రీలు పెరుగుతుంది. అరమీటరు షాఫ్టుకైతే 6 డిగ్రీలకు దగ్గర. వంగిన క్రాసు సమంగా తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. 10 డిగ్రీల వంపులో ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 20 డిగ్రీలకు ఆరు శాతం. రెండు చివర్ల వంపులూ సమానంగా, రెండు యోకులూ ఒకే వరుసలో ఉంటే ఒకదాని తేడాను రెండోది కొట్టేస్తుంది. అందుకే విప్పేముందు రెండు ముక్కల మీద పెయింటుతో గీత పెట్టాలి. స్ప్లైను ఒక పన్ను తప్పించి ఎక్కించినా బండి వణుకుతుంది. వంపు మరీ ఎక్కువైతే ట్రాన్స్‌ఫర్ కేసు వైపు జంట క్రాసు ఉన్న డబుల్ కార్డన్ షాఫ్టు కావాలి, దానికి యాక్సిల్ పినియన్‌ను షాఫ్టు వైపు తిప్పి పెట్టాలి. పొడవు కొలిచేటప్పుడు యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు స్ప్లైను ఊడి రాకూడదు, పూర్తిగా నొక్కుకున్నప్పుడు కనీసం ఒక అంగుళం జాగా మిగలాలి.

చట్టం మాట కూడా. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను సంగతి అది. అదే కొలత క్రాసు మార్చుకోవడం మరమ్మతు. ఎత్తు, టైర్లు మార్చడం వేరు, ఇన్సూరెన్సు క్లెయిము రోజున ఆ ప్రశ్న ఎదురవుతుంది.

బిగించేటప్పుడు సుత్తి వాడకుండా ప్రెస్సు వాడమనండి. సర్‌క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చోకపోతే లోపల ఒక సూది అడ్డంగా పడి ఉందని అర్థం, కొట్టి కూర్చోబెట్టకూడదు, విప్పి చూడాలి. యు బోల్టులు కొత్తవి వేయించండి.

పోతున్న క్రాసు ముందే చెబుతుంది. గేరు వేసి కదిలేటప్పుడు 'టక్' మంటుంది. కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనబడుతుంది, అంటే లోపల గ్రీజు ఎండిపోయింది. అహోబిలంలో పావన నరసింహస్వామి దర్శనానికి అడవిదారిన పోయే జీపులు, బొర్రా దగ్గర కటికి జలపాతానికి పోయే జీపులు మన యాత్రల్లో ఎక్కుతూనే ఉంటాం. ఎక్కే ముందు ఒకసారి వంగి ఆ ఎర్ర పొడి కోసం చూడండి. డ్రైవరు అన్న ఏమీ అనుకోడు.

ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, విల్లీస్ వంశపు పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. వెనక షాఫ్టు తెగిందంటే గేరులో పెట్టినా బండి ఆగదు, హ్యాండ్‌బ్రేకు లాగినా ఆగదు. ఎక్కుడులో అలా జరిగితే కాలి బ్రేకు వదలకుండా ముందు చక్రాల లివరు వేసి, మొదటి గేరులో ఇంజను ఆపాలి. ముందు షాఫ్టు బండిని పట్టుకుంటుంది. చక్రాలకు రాళ్లు పెట్టేదాకా ఎవరూ కిందికి దూరకూడదు. ఆ తర్వాత తెగిన షాఫ్టును పూర్తిగా విప్పి బండిలో వేసుకుని, ముందు చక్రాల మీదే మెల్లగా ఊరు చేరవచ్చు. సగం ఊడినదాన్ని తాడుతో కట్టి నడపవద్దు: ముందు చివర జారి నేలకు గుచ్చుకుంటే బండి ఎగిరి బోల్తా పడుతుంది. షాఫ్టు ముందు చివర దగ్గర ఛాసిస్‌కు ఒక ఇనుప పట్టీ చుట్టు వేయిస్తే జారినా కింద పడదు, పీణ్యలో ఏ చిన్న వర్క్‌షాపైనా చేసిపెడుతుంది. షాఫ్టు నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి దూరే రకమైతే, విప్పినప్పుడు ఆయిలు కారకుండా ఆ రంధ్రానికి మూత కావాలి. అది, ఒక జత క్రాసులు, సర్‌క్లిప్పు ప్లయరు, గ్రీజు గన్ను సీటు కింద పెట్టుకుని బయలుదేరండి.